స్పాంజి తోమకండీ

కోనసీమలో చేప కనబడితే ముందు వచ్చే ప్రశ్న పులుసా, ఇగురా అన్నదే. పుస్తెలమ్మైనా పులస తినాలనే సీమలో, గాజుతొట్టెలో చేపల్ని పెంచుకుంటూ వాటికి జబ్బు చేసిందని దిగులుపడే మనిషిని చుట్టాలు కొంచెం వింతగానే చూస్తారు. మా ఇంటికొచ్చిన ఒక పెద్దాయన గోల్డ్‌ఫిష్‌ని తేరిపార చూసి, "దీన్నేం చేసుకుంటారండీ?" అన్నారు. చూసుకుంటామన్నాను. "ఆయ్" అని ఊరుకున్నారు. ఆ ఆయ్‌లో నామీద ఎంత జాలి ఉందో ఈ జిల్లావాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

అయినా కొనేవాళ్ళు కొంటూనే ఉన్నారు. పిల్లాడి పుట్టినరోజని ఒకరు, హాల్లో ఈశాన్యంలో నీళ్ళుంటే మంచిదని ఇంకొకరు. నెల తిరక్కుండా చేపలు పోతాయి. "మా చేతికి అచ్చిరావండీ" అంటారు. అచ్చిరాకపోవడం కాదు, శుభ్రం ఎక్కువైపోవడం. ఆదివారం పొద్దున్నే తొట్టె పెరట్లోకి తెచ్చి, నీళ్ళన్నీ పారబోసి, రంగురాళ్ళూ ఫిల్టర్‌లో స్పాంజీ సబ్బు పెట్టి తోమి, కుళాయి కింద జాడించి, కొత్త నీళ్ళు నింపుతారు. తొట్టె తళతళలాడుతుంది. బుధవారానికి ఒక చేప వెల్లకిలా తేలుతుంది.

ఫిల్టర్ చెత్తని పట్టే జల్లెడ అని అందరూ అనుకుంటారు. ఆ పనీ చేస్తుంది గానీ, అసలు పని వేరు. చేప మొప్పల్లోంచీ, మలంలోంచీ, తినకుండా వదిలేసిన మేతలోంచీ అమ్మోనియా పుడుతుంది. అది విషం. స్పాంజి సందుల్లో కాపురముండే బాక్టీరియా ఒక రకం దాన్ని నైట్రైట్ చేస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది చేపలకి అంత హాని చెయ్యదు. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా కుదురుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది. స్పాంజికి పట్టిన గోధుమరంగు జిగురులో ఉండేది ఇదే. దాన్ని తోమి పారేసి చేపలు చచ్చిపోయాయనడం, తోడు గిన్నె కడిగేసి పాలు తోడుకోలేదని ఏడ్చినట్టుంటుంది.

చెయ్యవలసింది చాలా తక్కువ. వారానికోసారి పావువంతు నీళ్ళు తీసి, ఆ తీసిన నీళ్ళలోనే స్పాంజిని రెండు మూడుసార్లు పిండితే చాలు. నీరు ధారగా పారుతోందా, పని అయిపోయినట్టే. తెల్లబడక్కర్లేదు. పోసే నీళ్ళ సంగతి మాత్రం చూసుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేశాక మంచినీళ్ళ చెరువులో నీరు అడుగంటే రోజుల్లో, కుళాయి తిప్పితే బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది. ఆ క్లోరిన్ మంచి బాక్టీరియానీ చంపుతుంది, చేప మొప్పల్నీ కాలుస్తుంది. బకెట్‌లో ఒకరోజు మూతపెట్టకుండా ఉంచి పొయ్యాలి. తొందరగా కావాలంటే దుకాణంలో క్లోరిన్ పోగొట్టే చుక్కలమందు దొరుకుతుంది. అసలే ఎండాకాలం నీటిలో ప్రాణవాయువు తక్కువ. 20 డిగ్రీల నీటిలో లీటరుకి తొమ్మిది మిల్లీగ్రాములుంటే 30 డిగ్రీలకి ఏడున్నరకి పడిపోతుంది. అమ్మోనియా విషం మాత్రం వేడితో పెరుగుతుంది.

ఇదంతా నాకు చెప్పింది మా బావగారు. కాట్రేనికోన వైపు ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. గట్టుమీద నిలబడి నీటి రంగు చూసి, గుప్పెడు అడుగుమట్టి తీసి వాసన చూసి, రేపు ఏమవుతుందో చెబుతారు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని రాత్రంతా ఏరియేటర్ల చప్పుడు వింటూ పడుకుంటారు. అంతటి మనిషి ఇంట్లోనూ అమ్మాయి కోసం కొన్న తొట్టెని ఆదివారం ఆదివారం సబ్బుతోనే తోముతారు. చెరువు నీటికిచ్చే మర్యాద తొట్టె నీటికి ఎందుకివ్వరో నాకిప్పటికీ అంతుపట్టదు.

ధనుర్మాసంలో ఒకరోజు ఆ అమ్మాయి ఫోను: "మావయ్యా, చేపకి ఒళ్ళంతా ఉప్పురవ్వ చల్లినట్టుంది." వెనకనుంచి బావగారి గొంతు, "తెల్లమచ్చరా, మొత్తం పారబొయ్యాలి" అని. ఆయన భయం ఆయనది. 1994 తర్వాత ఈ తీరమంతా రొయ్యల చెరువుల్ని ఊడ్చేసిన తెల్లమచ్చ వైరస్‌కి ఇవాళ్టికీ మందు లేదు. చేపకి వచ్చేది మాత్రం వేరే జబ్బు, కంటికానని పరాన్నజీవి. చలికి నీరు హఠాత్తుగా చల్లబడితే చేప డీలాపడుతుంది, అది అప్పుడు అదను చూసుకుంటుంది. దీనికి వంటింటి కల్లుప్పు చాలావరకు పనిచేస్తుంది. లీటరుకి ఒక గ్రాము చొప్పున తూచి, చెంబుడు నీళ్ళలో కరిగించి మెల్లగా పొయ్యాలి. రెండురోజుల్లో దాన్ని రెండు మూడు గ్రాములకి పెంచొచ్చు. చేప ఒంటిమీదున్నప్పుడు ఆ పురుగు జిగురు కింద దాక్కుంటుంది కాబట్టి దానికేమీ కాదు. కిందకి రాలి, వందల పిల్లలై, మళ్ళీ చేపని వెతుక్కుంటూ ఈదేటప్పుడే ఉప్పుకి దొరుకుతుంది. అందుకని మచ్చలు పోయాక కూడా వారం పదిరోజులు ఉప్పు ఉంచాలి. మచ్చ పోగానే నీళ్ళు మార్చేసినవాళ్ళు పక్షం తిరిగేలోగా మళ్ళీ మొదటికొస్తారు. నీరు ఆవిరైనా ఉప్పు ఆవిరవదు గనక తగ్గిన మేరకి మామూలు నీళ్ళే పొయ్యాలి. తొట్టెలో మొక్కలుంటే ఈ మోతాదుకి చాలావరకు చచ్చిపోతాయి, చేపనే వేరే తొట్టిలోకి మార్చుకోవాలి.

పొట్ట ఉబ్బి పక్కకి ఒరిగి తేలే గోల్డ్‌ఫిష్‌కి రెండురోజులు లంఖణం, ఆ తర్వాత ఉడికించి తొక్క తీసిన పచ్చిబఠాణీ ముక్క. తరచు అజీర్ణమే. మిథిలీన్ బ్లూ అనే నీలిమందు ఫంగస్‌కి పనికొస్తుంది గానీ తొట్టెలో పోస్తే స్పాంజి బాక్టీరియాకి ముప్పు. విడిగా బకెట్‌లో వాడాలి. బావుల్లో వేసే పర్మాంగనేట్ జోలికి నేను వెళ్ళను, చిటికె ఎక్కువైతే మొప్పలు కాలిపోతాయి. టెట్రాసైక్లిన్ గొట్టం విప్పి తొట్టెలో కలిపేవాళ్ళని చూస్తే కోపం వస్తుంది. నాకిష్టమైంది బాదం ఆకు. బళ్ళో చెట్టుకింద ఎర్రగా పండి రాలిన ఆకుని కడిగి, ఎండబెట్టి, ఒకటి వేస్తే నీరు పలచటి టీ రంగుకి తిరుగుతుంది. రెక్కలు చినిగిన ఫైటర్ చేప ఆ నీటిలో కాస్త తెప్పరిల్లుతుంది. పెద్ద జబ్బుల్ని నయంచేస్తుందని మాత్రం నేననను.

రాజోలు, మలికిపురం వైపు బోరునీరు ఉప్పదనం కదా, అక్కడ నియాన్ టెట్రాల కోసం తాపత్రయపడటం దండగ. మోలీలు, గప్పీలు హాయిగా బతుకుతాయి. మోలీకి ఉప్పునీరు సొంతిల్లే.

తుపాను వస్తే కరెంటు పోతుంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను సంగతి తెలిసిన ఇళ్ళలో ఎన్నాళ్ళకొస్తుందని కూడా ఎవరూ అడగరు. అప్పుడు గంటకోసారి చెంబుతో నీళ్ళు ఎత్తిపోస్తుంటే గాలి అందుతుంది. మేత మానెయ్యాలి. ఎదిగిన చేప వారం తినకపోయినా ఏమీ కాదు, తినకపోతే అమ్మోనియా కూడా తగ్గుతుంది. మామూలు రోజుల్లోనూ రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యాలి. మా ఇంట్లో దానికి అడ్డం చుట్టాలే. చేప అద్దం దగ్గరికొచ్చి నోరు తెరిస్తే చాలు, "పాపం ఆకలేస్తోందండీ" అంటూ ఇంకో చిటికెడు వేస్తారు. ఎవరొచ్చినా రెండో వాయి వడ్డించనిదే విస్తరి లేవనివ్వని జిల్లా ఇది. పండగ వారంలో మేతడబ్బా బీరువాలో పెట్టి తాళం వేస్తాను. తాళంచెవి ఎక్కడుందో మా ఆవిడకి కూడా చెప్పను.