లెగసీ

ఈ సంకలనానికి వ్యాసం అడిగినప్పుడు అన్నలకు ఉన్నమాట చెప్పిన. ఏడాది నుంచి నేను రాసిందంతా మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల మీదనే, వేరే ఏం రాయలేదని. ఒకాయన నవ్విండు. "మన బతుకు మీద రాస్తవనుకుంటే యంత్రం మీద రాసినవా తమ్మీ" అన్నడు. నాకు నవ్వు రాలేదు. ఆ యంత్రం కోసం మా ఇంట్లో ఏం తాకట్టు పెట్టినమో ఆయనకు తెలియదు.

మా నాయిన ఊరి సుంకరి. దండోరా వేసేటోడు, ఆఫీసు కబురు ఇల్లిల్లూ తిరిగి చెప్పేటోడు, ఎవరొచ్చినా ముందు నడిచేటోడు. పటేల్ పట్వారీలు పోయినా సుంకరి పోలేదు. అవ్వ కైకిలి చేసేది. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి నేనే. 2010లో బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయింది. మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుంటే అమెరికా బ్యాంకుల పని హైదరాబాదుకే వస్తదని అమీర్‌పేట గోడలన్నీ చెప్పినయి. అవ్వ కాళ్ల కడియాలు కుదువబెట్టి పన్నెండు వేలు తెచ్చింది.

మూడు నెలల కోర్సు. నలుగురికి ఒక కంప్యూటర్, రోజుకు గంటసేపు లాగిన్. సారు ఇంగ్లీషులో చెప్పుకుంట పోయేటోడు. "క్లియరా?" అంటే అందరూ తలూపిండ్రు, నేనూ ఊపిన. కోర్సయినంక, అనుభవం ఉన్నట్టు దొంగ కాగితం కావాలంటే ఇంకో ముప్పై వేలన్నరు. అవ్వ దగ్గర ఇంకేం మిగల్లేదు.

ఒక్క ఇంటర్వ్యూకు పోయిన. "ఎస్ జీరో సీ సెవెన్ ఎందుకొస్తుంది?" అని అడిగిండ్రు. అంకె ఉండాల్సిన గడిలో అంకె కానిది కూర్చుంటే, దానితో లెక్క చేయబోయిన ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. చెప్పిన. తర్వాత "నాన్నగారు ఏం చేస్తారు?" అన్నరు. సుంకరి అన్న. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న లేదు. నా ఇంగ్లీషు బాగలేకపోవడం కూడా కారణం కావచ్చు, అబద్ధమెందుకు. కాని నాయిన పనే ఆఖరి ప్రశ్న అయిందన్నది నిజం. కడియాలు విడిపించలేకపోయినం. బీఎడ్ చేసి, 2019లో సర్కారు బడిలో లెక్కల సారునయిన. అమీర్‌పేట నోట్సు సంచిలో కట్టి అటక మీద పడేసిన.

నిరుడు జూన్‌ల మా వాడ పిల్ల ఒకతి, ఎస్సీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతది, పుస్తకాల కోసం ఇంటికొచ్చి ఆ నోట్సు తిరగేసింది. "సార్, ఇది తెలుగులో ఉన్నదా?" అన్నది. లేదన్న. అన్నంక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వచ్చిన ఆదివారం మొదటి పాఠం రాసిన. చేత్తోనే రాసి, జిరాక్సు తీసి, హాస్టల్లో అంబేద్కర్ ఫోటో పక్కన గోడకు అంటించినం. ఏడాదిలో నలభై ఒక్క పాఠాలయినయి.

రాయబోతే తెలిసింది, నేను తలూపిందాంట్లో సగం నాకు అర్థం కాలేదని. కోబాల్ భాషలో వాక్యం పన్నెండో గడి నుంచి రాయాలని బట్టీ పట్టించిండ్రు, ఎందుకో చెప్పలేదు. ఒకప్పుడు ప్రోగ్రాంను 80 గడుల అట్టకార్డుల మీద రంధ్రాలు పొడిచి రాసేవాళ్లు. మొదటి ఆరు గడులు వరుస సంఖ్యకు, ఏడోది గుర్తుకు, ఎనిమిది నుంచి పదకొండు శీర్షికలకు, ఆ తర్వాత వాక్యాలకు. కార్డులు ఎప్పుడో పోయినయి, గడుల కట్టుబాటు మిగిలింది. ఇది పిల్లలకు తొందరగనే ఎక్కింది. కారణం పోయినా కట్టుబాటు పోకపోవడం మా వాడోళ్లకు కొత్త పాఠం కాదు.

కోబాల్‌ను 1959లో అమెరికాలో ఒక కమిటీ మొదలుపెట్టింది, 1960లో దాని రూపం బయటికొచ్చింది. అంతకుముందు గ్రేస్ హాపర్ అనే ఆమె తయారు చేసిన ఫ్లో-మ్యాటిక్ దీనికి దారి చూపింది. లెక్కల గుర్తులు రానోళ్లు గూడ మామూలు ఇంగ్లీషు మాటలతో యంత్రానికి పని చెప్పగలగాలన్నది ఆమె పట్టుదల. కూడు, తీసెయ్యి, జరుపు, ఇట్లాంటి మాటలే అందులో ఆజ్ఞలు. మంచి ఆలోచనే. కాని మామూలు మాటలు ఎవరికి మామూలు? వాళ్లకు తలుపు తెరిచిన ఇంగ్లీషే మాకు కంచె. ఈ సంగతి మూడో పాఠంలో రాసిన. అది చదివినంక ఇంకో ఐదుగురు పిల్లలొచ్చిండ్రు.

కంప్యూటర్లోళ్లు ఈ వ్యవస్థలను లెగసీ అంటరు. తెలుగులో వారసత్వం అని రాసి కలం ఆపిన. వాళ్ల నోట్లో ఆ మాట తిట్టు. పాతది, వదిలించుకోవాల్సింది అని. ఐబీఎం 1964 ఏప్రిల్ 7న సిస్టం 360ని ప్రకటించింది. ఆ వంశంలోని యంత్రాలే ఇప్పటికీ పెద్ద పెద్ద బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో రాత్రంతా లెక్కలు కడుతున్నయి. అవి ఆగితే తెల్లారి వాళ్ల దుకాణం నడవదు. మా నాయినకు వారసత్వంగా వచ్చింది సుంకరి పని. ఊరంతటికీ ఆయన చాకిరి కావాలె, ఆయన మాత్రం గడప బయట నిలబడాలె. పోలిక ఇంతవరకే. పాత యంత్రాన్ని కంపెనీలు మార్చనిది ఖర్చుకు భయపడి. మా నాయిన పనిని ఊరు మార్చనిది ఆయన చవకగ దొరికిండు గనుక. యంత్రానికి అవమానం తెలియదు, మా నాయినకు తెలుసు.

2020 ఏప్రిల్‌లో కరోనాతో లక్షల మంది పనులు పోయినప్పుడు, అమెరికాలో న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ వచ్చినోళ్లు సాయానికి రావాలని అడిగిండు. నిరుద్యోగ భృతి దరఖాస్తులు నలభై ఏళ్లు దాటిన వ్యవస్థల మీద పడ్డయి. ముసలి భాష అని చాలామంది ఎగతాళి చేసిండ్రు. నాకు మాత్రం భృతి కోసం ఎదురుచూసే కూలిమనిషి కనపడ్డడు. ఏండ్ల తరబడి పైసలు పెట్టక, తెలిసినోళ్లను నిలుపుకోక, ఆఖరుకు భాషను తిడితే ఏం లాభం? ఆ యంత్రం లోపల ఏముందో మన పిల్లలకెందుకని అడిగేటోళ్లకు నా జవాబు ఇదే. పేదోని పైసలు ఎక్కడ ఆగుతున్నయో చదవడం పేదోని బిడ్డకు రావాలె.

ఇరవయ్యో పాఠమప్పుడు ఆ పిల్లే అడిగింది. "సార్, ఇది నేర్చుకుంటే నౌకరి వస్తదా?"

రెండు ఆదివారాలు ఏం రాయలేదు. వస్తదని రాస్తే నేనూ అమీర్‌పేట గోడనయిత. రాదంటే, ఇగ చదువుడెందుకు? ఇరవై ఒకటో పాఠంలో కోబాల్ లేదు. నా ఇంటర్వ్యూ సంగతి రాసిన, నాయిన పేరుతో సహా, కడియాలతో సహా. పదిహేనేండ్లు ఎవరికీ చెప్పని సంగతి. ఆఖర్న "నౌకరి రావచ్చు, రాకపోవచ్చు. నేను గ్యారంటీ ఇయ్యను, ఫీజు గూడ తీసుకోను. అడిగిన ప్రశ్నకు జవాబు రాక మాత్రం వెనక్కి రావద్దు" అని రాసి అంటించిన.

పిల్లలు విడిచిపెట్టి పోతరనుకున్న. మరుసటి వారం హాస్టల్‌కు పోతే నా పన్నెండో పాఠం మీద ఎర్ర పెన్ను గీతలున్నయి. దశాంశ బిందువుకు కోబాల్‌లో ఒక గడి జాగా పడుతదని రాసిన. తప్పు. వి అనే గుర్తు బిందువు ఎక్కడున్నదో చెప్తది గాని జాగా తీసుకోదు. ఆ పిల్లే దిద్దింది. "సార్ ఏమనుకోవద్దు" అని కింద రాసింది. ఏమనుకుంట? ఆ కాగితం ఇంటికి తెచ్చి అవ్వకు చూపిచ్చిన.

అవ్వకు చదువు రాదు. "ఎర్రగ గీసిందెవరు?" అన్నది. నా తప్పు దిద్దిన పిల్ల అన్న. "మంచిగ దిద్దిందా?" అన్నది. మంచిగనే దిద్దిందన్న.

నలభై రెండో పాఠం ఆ పిల్లే రాస్తున్నది. ఈ ఆదివారం నేను పోయి చదువుకోవాలె.