నన్ను అడగాలె గదా

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి వచ్చేవాళ్లలో ఒంటరిగా వచ్చేవాళ్లు తక్కువ. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి తొలి బస్సు పట్టుకుని వచ్చే దాదాపు ప్రతి రోగి పక్కన తల్లో, అన్నో, భర్తో ఉంటారు. పేరు అడిగితే ఆ పక్కవాళ్లే చెబుతారు. నిద్ర పడుతోందా అంటే వాళ్లే చెబుతారు. వైద్యానికి ఒప్పుకుంటారా అన్న ప్రశ్న కూడా మన దగ్గర చాలాచోట్ల వాళ్లకే వెళుతుంది. కాగితం మీద వేలిముద్ర వాళ్లదే పడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ ప్రశ్నను రోగినే అడగమంది. ఆ మాట ఈ బెంచీల దాకా ఎంత వచ్చిందో వినడానికి వెళ్లాను.

మొదట ఆ చట్టం నాకే వర్తించింది. ఫలానా పత్రికకు రాస్తానని చెప్పగానే ఒక పెద్దామె, "రాస్కో బిడ్డా, నలుగురికి తెలుస్తది" అంది. పక్కన కూర్చున్న కూతురు మాత్రం "వద్దక్కా" అంది. చికిత్సలో ఉన్న మనిషి ఫొటో అయినా, వివరమైనా ఆ మనిషి సమ్మతి లేనిదే మీడియాకు వెళ్లకూడదని 24వ సెక్షన్ అంటుంది. తల్లి ఒప్పుకుంటే చాలదు. ఆ అమ్మాయి గురించి ఇక రాయను.

పేరు, ఊరు లేకుండా అయితే సరేనన్న ఒకాయన నలభై దాటిన మనిషి. నెలనెలా గోళీలకు వస్తాడు. కొన్నేళ్ల కిందట నిద్ర లేకుండా రోజుల తరబడి తిరుగుతుంటే, చుట్టాలు చేతులు కట్టి ఆటోలో వేసుకుని ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లారట. "సూదేసిన్రు. లేసేసరికి రెండు దినాలైంది. ఏం మందు అని అడిగితే మీ అన్నకు చెప్పినం అన్నరు. రోగం నాది గదా మేడం, నన్ను అడగాలె గదా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అన్న మీద ఫిర్యాదు కూడా లేదు. ఆ రాత్రి అన్న ఏం చేయగలడులే అని తనే అన్నాడు.

ఆ మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. కుటుంబాన్ని దోషిగా నిలబెట్టి ఈ హక్కు గురించి రాయడం నాకు ఇష్టం లేదు. రాత్రిళ్లు తలుపుకు అడ్డంగా పడుకుని కొడుకును కాపాడుకున్న తల్లులు ఈ వరసలోనే ఉన్నారు. చట్టమూ వాళ్లను పక్కకు నెట్టలేదు. రోగి తనకు హాని చేసుకోబోయినా, ఎదుటివాళ్ల మీదికి వెళ్లినా, తనకు హాని కలిగేంతగా తనను తాను పట్టించుకోలేకపోతున్నా 89వ సెక్షన్ కింద ఆస్పత్రిలో చేర్చవచ్చు. అయితే ఒక సైకియాట్రిస్టు, ఆయనతో సంబంధం లేకుండా మరో వైద్యుడు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా చూడాలి. గడువు 30 రోజులు. సమ్మతి తెలిపే శక్తి తిరిగి వచ్చిందేమో ప్రతి 7 రోజులకూ పరీక్షించాలి. మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు 7 రోజుల్లో తెలపాలి, రోగి స్త్రీ అయినా మైనరైనా 3 రోజుల్లోనే. అంటే ఆటోలో వచ్చిన రోజున చెప్పలేని మనిషి వారం తర్వాత చెప్పగలడు. అప్పుడు మళ్లీ అడగాలి. మా వైపు ఎవరికీ తెలియనిది ఇదే. ఒకసారి "మతి లేదు" అన్నాక ఆ ముద్ర జీవితాంతం ఉండిపోతుందనుకుంటారు.

ఓపీ అయ్యాక ఒక డాక్టరు మాట్లాడారు. ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చింది నాలుగో సెక్షన్ సంగతి. చెప్పింది అర్థం చేసుకోవడం, ఒప్పుకుంటే ఏమవుతుందో కాదంటే ఏమవుతుందో గ్రహించడం, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో తెలపడం, వీటిని బట్టే సామర్థ్యాన్ని చూస్తారు. రోగి నిర్ణయం మనకు తప్పుగా తోచినంత మాత్రాన సామర్థ్యం లేదనడానికి వీల్లేదు. తనంత తానుగా వచ్చి చేరతానన్న మనిషిని వెంట ఎవరూ లేరని తిప్పి పంపకూడదు. అతని సమ్మతి లేకుండా మందు ఇవ్వకూడదు. ఎమర్జెన్సీ చికిత్సకు 72 గంటల వెసులుబాటు ఉన్నా దాని పేరు చెప్పి కరెంటు షాక్ ఇవ్వకూడదు. మిగతా సందర్భాల్లో ఇచ్చినా మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఇవ్వడం నిషేధం. గొలుసులు కట్టడం ఏ రూపంలోనైనా నిషేధం.

గొలుసుల మాట వింటే నాకు ఎర్వాడి గుర్తొస్తుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఆ ఊళ్లో పాకకు నిప్పంటుకుంటే, కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక కాలిపోయారు. వాళ్లను అక్కడికి తెచ్చినవాళ్లలో ఎక్కువమంది బాగు చేయిద్దామనే తెచ్చి ఉంటారు.

ఎంజీఎం బయటికి వస్తే కొంత దూరంలో కొత్త ఆస్పత్రి భవనం కనిపిస్తుంది. నిజాం కాలపు సెంట్రల్ జైలును 2021లో కూల్చిన స్థలం అది. 1912 చట్టం రోజుల్లో మతిస్థిమితం లేదన్న మనిషిని మెజిస్ట్రేటు ఉత్తర్వుతో ఆస్పత్రిలో పెట్టేవారు. 1987 చట్టం వచ్చాక కూడా ఆ ఉత్తర్వు పోలేదు. నేరం చేయని మనిషికి జైలుకూ ఆస్పత్రికీ తేడా ఏమిటంటే ఉండాలో వద్దో తను చెప్పగలగడమే. ఆ తేడా కాగితం మీదికి రావడానికి ఇంత కాలం పట్టింది.

ఆచరణలోకి రావడానికి ఇంకా ఏం కావాలో కూడా చెప్పాలి. సమ్మతి తీసుకోవాలంటే మందు పేరు, దాని వల్ల వచ్చే వణుకు, పెరిగే బరువు, వేరే దారులు రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఏ ప్రభుత్వ ఓపీలోనైనా వరసను చూస్తే అంత తీరిక ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. డాక్టర్లను, కౌన్సెలర్లను పెంచకుండా ఈ హక్కును అమలు చేయమంటే అది సంతకాల సేకరణగానే మిగులుతుంది.

మందులు తీసుకుని ఆ నలభై దాటిన మనిషి మళ్లీ కనిపించాడు. బాగున్న రోజుల్లోనే తన తరఫున మాట్లాడే మనిషిని, అంటే నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌ను ఎంచుకోవచ్చని, తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో పెడితే చాలని 14వ సెక్షన్‌లో ఉన్నది చెప్పాను. ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో కూడా ముందే రాసి పెట్టుకోవచ్చని, ఎమర్జెన్సీ చికిత్సకు మాత్రం అది వర్తించదని చెప్పాను.

"అన్న కాకుంట మా చెల్లె పేరు పెట్టొచ్చా?"

పెట్టొచ్చు. ఆమె ఒప్పుకుంటున్నట్టు రాసి ఇవ్వాలి.

"రాసినంక మనసు మారితే?"

మార్చుకోవచ్చు. ఎన్నిసార్లయినా.

ఎవరితో రాయించుకోవాలని అడిగాడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా సాయం చేస్తారని, కోర్టు ఆవరణలో అడగమని చెప్పాను. అది హనుమకొండలోనా, వరంగల్‌లోనా అని అడిగాడు. ఏ బస్సు ఎక్కాలో చెప్పాను.