ఆ రెండు పొడి అక్షరాలు

ఘంటసాల ఊళ్లో ఎవరినీ ‘ఘంటసాల వారు’ అని పిలవాల్సిన పనిలేదు. అక్కడ అందరూ ఘంటసాల వారే. ఆ ఊళ్లో పొలం పోయో, పొత్తు కుదరకో, పిల్లనిచ్చిన మామగారు రమ్మన్నాడనో బయల్దేరి ఇంకో ఊళ్లో కాపురం పెట్టినప్పుడు, ‘ఎవరు వీళ్లు?’ అని అక్కడివాళ్లు అడిగితే, ‘ఘంటసాల నుంచి వచ్చినవాళ్లులే’ అని ఇంకెవరో చెబితే, అప్పుడు పుడుతుంది ఇంటిపేరు. మన పేరు మన పెద్దలు పెడతారు. ఇంటిపేరు మాత్రం పక్కింటివాళ్లు పెడతారు. అది ఉన్న ఊరి పేరు కాదు, వదిలి వచ్చిన ఊరి పేరు.

నమ్మకం కుదరకపోతే మన సినిమావాళ్లనే తీసుకోండి. ఘంటసాల వేంకటేశ్వరరావు గారు 1922లో పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. నందమూరి తారక రామారావు గారు పుట్టింది నిమ్మకూరులో. వ్యాకరణం కూడా ఈ మాటే చెబుతుంది. సాలూరు ఊరు, సాలూరి ఇంటిపేరు. నందమూరు ఊరు, నందమూరి ఇంటిపేరు. చివర ఉన్న ‘రు’ కాస్తా ‘రి’ అయిందంటే మనిషి ఊరు దాటాడన్నమాట. ‘పాడు’తో ముగిసే ఊళ్లు ‘పాటి’ అవుతాయి, ‘ఏరు’ ‘ఏటి’ అవుతుంది. బడిలో ఔపవిభక్తికాలు అని బట్టీ పట్టించి వదిలేశారు గానీ, సగం తెలుగు జాతి వలస చరిత్ర ఆ ఒక్క సూత్రంలోనే ఉంది.

అన్నిటికీ ఊళ్లే మూలం కాదనుకోండి. అక్కినేనిలో ఊరు లేదు, మనిషి ఉన్నాడు. నాయకుడు అరిగి నాయఁడై, నేఁడై, రాముడు ‘రాముని’ అయినట్టు ‘నేని’ అయ్యాడని పెద్దలు చెబుతారు. అక్కి అనే పేరున్న నాయకుడెవరో ఆ వంశానికి మొదట నిలబడ్డాడన్నమాట. కొన్ని ఇంటిపేర్లలో కొలువు ఉంటుంది, కొన్నిట్లో బిరుదు ఉంటుంది. పదమూడో శతాబ్దపు తిక్కన ఇంటిపేరు కొట్టరువు, అది కొలువు పేరే. ఎక్కువ రోజులు ఒక ఊళ్లో పేరుపడితే పాత ఇంటిపేరు చెరిగిపోయి ఆ ఊరే వచ్చి కూర్చుంటుంది. గార్లపాటి రామకృష్ణుడు అంటే ఎవరికి తెలుస్తుంది? తెనాలి రామకృష్ణుడు అనాలి. ఉప్పలదడియం నాగయ్య అన్నా అంతే, చిత్తూరు నాగయ్య అంటేనే చేతులు జోడిస్తాం.

ఇలా వదిలివచ్చిన ఊళ్లన్నీ ఒకేచోట చేరితే ఎలా ఉంటుందో చూసిన పేట మద్రాసులోని కోడంబాక్కం. ఆర్కాట్ రోడ్డు పొడవునా వడపళని, సాలిగ్రామం దాకా విజయా, వాహినీ, ఏవీఎం, భరణీ స్టూడియోలు. సినిమావాళ్ల నోట ఇవన్నీ కలిపి కోడంబాక్కమే. (ఈ పేట పేరు కూడా తక్కువది కాదు. ఆర్కాటు నవాబు గుర్రాల తోట, ‘ఘోడా బాగ్’, కోడంబాక్కం అయిందని ఒక కథ. చుట్టుపక్కల నుంగంబాక్కం, మీనంబాక్కం లాంటి పేర్లున్నప్పుడు ఇక్కడొక్కచోటే గుర్రం ఎక్కడ దూరిందని నా అనుమానం. కానీ కథ బాగుంది.) కృష్ణా, గోదావరి, గుంటూరు, నెల్లూరు, విశాఖ జిల్లాల నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు ఇక్కడ ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలి? దేవుళ్ల పేర్లు కొన్నే, మనుషులు బోలెడు. నాగేశ్వరరావు గారు వచ్చారంటే ఏ నాగేశ్వరరావు? హీరో అక్కినేనా, సంగీతం చేసే పెండ్యాలా, విలన్ వేషాలు కట్టే రాజనాలా? వేంకటేశ్వరరావు అంటే పాడే ఘంటసాలా, తండ్రి వేషాలేసే గుమ్మడా? అక్కడ అసలు పేరు చేయలేని పనిని ఇంటిపేరు చేసిపెట్టింది. ఇంటిపేరే మనిషి పేరైంది. రేలంగి, ముక్కామల, పింగళి, సముద్రాల, కొసరాజు. ‘గారు’ ఒక్కటి తగిలిస్తే సరి.

అలాగని ఇంటిపేరు కలిస్తే చుట్టాలనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1944లో అక్కినేనిని హీరోగా పెట్టి ‘శ్రీ సీతారామ జననం’ తీసినాయన ఘంటసాల బలరామయ్య. ఆ సినిమాలోనే కోరస్‌లో గొంతు కలిపిన కుర్రాడు ఘంటసాల వేంకటేశ్వరరావు. ఆయనది నెల్లూరు వైపు, ఈయనది గుడివాడ వైపు. ఎన్ని తరాల కిందటో ఒకే ఊరి పొలిమేర దాటిన రెండు కుటుంబాలు మద్రాసులో ఒకే సినిమాలో కలుసుకున్నాయి. తర్వాత కాలంలో ఇంటిపేరు మొత్తం ఒకాయనకే రాసిచ్చేశాం. ‘ఘంటసాల’ అంటే ఇప్పుడు బలరామయ్య గుర్తొచ్చేవాళ్లు ఎంతమంది?

ఆ ఊరికి ఇంకా పాత చరిత్ర ఉంది. కృష్ణా జిల్లాలో ఇప్పుడున్న ఘంటసాలే రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసుకున్న ‘కంటకోస్సిల’ రేవు అని చరిత్రకారుల మాట. బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. నాగార్జునకొండ శాసనంలోనూ ఆ పేరు ‘కంటక’ అనే మొదలవుతుంది. మనం దానికి గంట కట్టి ఘంటసాల చేసుకున్నాం. తమిళ లిపిలో ‘ఘ’ లేదు, ‘క’తోనే సరిపెట్టుకుంటారు. అందుకని అరవ పోస్టర్ల మీద ఆయన పేరు ‘కండసాలా’ అయ్యేది. తెలుగువాళ్లు నవ్వుకునేవాళ్లు. అరవవాళ్లు తెలియకుండానే టాలెమీకి దగ్గరగా రాశారని నేను ముచ్చటపడతాను.

తమిళనాట అసలు చిక్కు లిపితో కాదు, పొడి అక్షరాలతో. వాళ్లకు ఇంటిపేరు లేదు. పేరు ముందు ఉండే అక్షరం తండ్రిది. ఊరు కూడా చేరిస్తే ఇంకో అక్షరం. కె.వి. మహదేవన్ గారిలో ‘కె’ కృష్ణన్‌కోయిల్ అనే ఊరు, ‘వి’ తండ్రి వెంకటాచలం. ఏవీఎంలో ‘ఏ.వి.’ తండ్రి ఆవిచ్చి. పేరు చివర కులం తోక ఉండేది, 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభలో దాన్నీ వదిలెయ్యమని తీర్మానించారు. మనకేమో పొడి అక్షరంలో వంశం మొత్తం దాక్కుని ఉంటుంది. ఒక్క ‘పి’నే చూడండి. సుశీల గారి ‘పి’ పులపాక. భానుమతి గారి ‘పి’ భర్త వైపు నుంచి వచ్చిన పాలువాయి. ఆదినారాయణరావు గారి ‘పి’ పెనుపాత్రుని. అదే కోడంబాక్కంలో పాడిన లీల గారి ‘పి’ కేరళలో ఒక తరవాడు, అంటే పూర్వీకుల ఇంటి పేరు. టైటిల్ కార్డు మీద అన్నీ ఒకే ‘పి’.

పొడి అక్షరాలు విప్పితే మతి పోయే పేర్లు రెండున్నాయి. ఒకటి పి.బి. శ్రీనివాస్ గారిది. తమిళ లెక్కన ‘పి’ ఊరు, ‘బి’ తండ్రి అనుకోవాలి. రెండూ కలిపి ఒకటే ఇంటిపేరు: ప్రతివాది భయంకర. ఎదుటివాదిని హడలెత్తించేవాడు! వేదాంతవాదంలో ఎదురులేదని కంచిలో పుట్టిన అణ్ణన్ అనే వైష్ణవాచార్యుడికి వచ్చిన బిరుదు అది. మనం తెల్లవారుజామున వినే వేంకటేశ్వర సుప్రభాతం కట్టింది కూడా ఆయనే. ఆ వంశంలో ఒక శాఖ గోదావరి జిల్లాలకు వెళ్లింది. 1930లో కాకినాడలో శ్రీనివాస్ పుట్టారు. గొంతు చూస్తే మెత్తటిది, పక్కవాడి నిద్ర చెడగొట్టనిది. తలపాగా, జేబు నిండా రంగురంగుల కలాలు పెట్టుకుని వుడ్‌లాండ్స్ డ్రైవ్ ఇన్ హోటల్లో కూర్చుని ఎనిమిది భాషల్లో పద్యాలు రాసుకునేవారు. ఆయనతో వాదానికి ఎవడు దిగుతాడు, దిగితే మాత్రం ఎక్కడ భయపడతాడు? కంచి నుంచి కాకినాడకు పోయిన ఇంటిపేరు, కంచికి రెండు గంటల దూరంలోని కోడంబాక్కానికి తిరిగొచ్చి, ‘పి.బి.’గా కుదించుకుని, స్వంత నాడువాళ్లకే కొత్తదైపోయింది.

రెండోది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారిది. శ్రీపతి పండితారాధ్యుల. శైవంలో పండితత్రయం అని చెప్పుకునే ముగ్గురిలో శ్రీపతి పండితుడు ఒకడు, ‘శివతత్త్వసారము’ రాసిన మల్లికార్జున పండితారాధ్యుడు ఒకడు, మంచన పండితుడు మూడోవాడు. ఆ ముగ్గురిలో ఇద్దరిని గుర్తుచేసే ఇంటిపేరు నెల్లూరులో హరికథలు చెప్పే సాంబమూర్తి గారి ఇంట్లో ఉంది. అక్కడి నుంచి ఇంజనీరింగు చదువుకని ఆయన కొడుకుతో పాటు మద్రాసు వచ్చింది.

1966 డిసెంబరులో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసం బాలు గారు పాడిన మొట్టమొదటి సినిమా పాట ఒంటరి పాట కాదు. పక్కన సుశీల గారు, ఈలపాట రఘురామయ్య గారు, పి.బి. శ్రీనివాస్ గారు. ప్రతివాదులను హడలగొట్టిన వైష్ణవుడి పేరూ, శివుడు తప్ప వేరు దైవం ఎరగని శైవ పండితుల పేరూ ఒకే రికార్డింగు గదిలో పక్కపక్కన. పూర్వీకులు ఆ గదిలోకి వచ్చి ఉంటే మైకులు మిగిలేవి కావు! వీళ్లు మాత్రం శ్రుతి కలుపుకుని పాడేసి వెళ్లిపోయారు. ఆ పాటకు వరస కట్టినాయన ఎస్.పి. కోదండపాణి. ఇద్దరూ ‘ఎస్.పి.’లే కాబట్టి బంధువులనుకున్నవాళ్లు చాలామంది. బంధుత్వం లేదు, గురుభక్తి ఉంది. బాలు గారు తర్వాత తన రికార్డింగు థియేటరుకు పెట్టుకున్నది ఆ కోదండపాణి గారి పేరే.

తమిళ పద్ధతి ప్రకారమైతే బాలు గారి అబ్బాయి బి. చరణ్ కావాలి. ఎస్.పి. చరణ్ అయ్యాడు. తండ్రికీ, మేనత్త శైలజ గారికీ, ఈయనకూ అవే రెండు అక్షరాలు. చెన్నైలో స్థిరపడి అరవంలోనూ అంత పేరు తెచ్చుకున్న కుటుంబం ఆ రెండు అక్షరాలను వదలకపోవడం నాకు పెద్ద విషయంగానే తోస్తుంది. 2024 సెప్టెంబరులో కామ్‌దార్ నగర్‌లో బాలు గారు ఉన్న వీధికే తమిళనాడు ప్రభుత్వం ఆయన పేరు ప్రకటించింది. తమిళ బోర్డు మీద కూడా ‘ఎస్.పి.’ ఎక్కింది.

ఇంకో విచిత్రం పాటల రచయిత ఆత్రేయ గారు. అసలు పేరు కిళాంబి వేంకట నరసింహాచార్యులు. కిళాంబి ఇంటిపేరు వెనక కిడాంబి ఆచ్చాన్ ఉన్నాడు. రామానుజాచార్యులకు మడపల్లి చూసుకున్న, అంటే వంట చేసిపెట్టిన శిష్యుడు. శత్రువులు విషం పెడతారన్న భయంతో గురువు భోజనాన్ని నమ్మకస్తుడి చేతిలో పెట్టారని సంప్రదాయ గాథ. ఇంత కథ ఉన్న ఇంటిపేరును పక్కన పెట్టి ఆయన గోత్రాన్ని కలంపేరు చేసుకున్నారు. ఇంటిపేరు తెలిస్తే ఊరు తెలుస్తుంది, గోత్రం తెలిస్తే సంబంధం కలపొచ్చో లేదో తెలుస్తుంది. ఆత్రేయ గారు రెండోదే చాలనుకున్నట్టున్నారు. వేళకు వంట అందించిన వంశంలో పుట్టినాయన, వేళకు పాట ఇవ్వరని నిర్మాతలు గోలపెట్టేవారు.

పేరున్నవాళ్ల అక్షరాలు నిలబడ్డాయి. డెబ్బైల తర్వాత పరిశ్రమ హైదరాబాదుకు మెల్లగా తరలిపోయినా ఇక్కడే ఉండిపోయిన లైట్‌మెన్లు, మేకప్ సహాయకులు, కోరస్ గాయకులు, వాళ్ల పిల్లల సంగతి వేరు. నాకు తెలిసిన ఒక కుటుంబం ఇంటిపేరు వేమూరి. ఆ ఇంటి కుర్రాణ్ణి బళ్లో చేర్చడానికి వాళ్ల నాన్నతో నేనూ వెళ్లాను. గుమాస్తా ఫారం మీంచి తలెత్తకుండా అడిగాడు.

“ఇనిషియల్ ఎన్న సార్?”

“వి. వేమూరి.”

“అదు అప్పా పేరా?”

“కాదండీ... ఇల్లై. ఇంటిపేరు. వీట్టు పేరు.”

గుమాస్తా అప్పుడు తలెత్తాడు. అరవంలో ‘వీట్టు పేరు’ అంటే ఇంట్లో ముద్దుగా పిలిచే పేరు. “వీట్లో ఎప్పడి వేణా కూప్పిడుంగ సార్, అప్పా పేరు సొల్లుంగ” అన్నాడు, బుజ్జగించినట్టు. ఇంట్లో ఎలాగైనా పిలుచుకోండి, తండ్రి పేరు చెప్పండి అని. అతని తప్పేముంది? అతను చూసిన వేలమంది పిల్లల్లో ఎవరికీ లేని వస్తువు మనవాడు అడుగుతున్నాడు. ‘వి’ పోయి తండ్రి పేరులోని ‘ఎస్’ వచ్చింది. పదో తరగతి సర్టిఫికెట్ ఎలా ఉంటే పాస్‌పోర్టు అలా ఉంటుంది. హైదరాబాదులో ఉన్న పెదనాన్న పిల్లలు వేమూరి వారు, వీడు మాత్రం కాడు. తెనాలి ప్రాంతంలోని వేమూరు నుంచి ఏ తాతలో మోసుకొచ్చిన ఊరు, ఒక ఫారంలో గడి లేక జారిపోయింది.

పోవడమే కాదు, పుట్టడమూ ఉంది. అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు అనే ఏలూరు వైపు కుర్రాడు బొంబాయి చేరితే, పేరు చాంతాడంత ఉందని ఒక గుమాస్తా ఎల్.వి. ప్రసాద్ అని కత్తిరించాడట. కత్తిరింపులో మొదట పోయింది ఇంటిపేరే. ఆ ప్రసాద్ సాలిగ్రామంలో స్టూడియో పెట్టారు, ల్యాబు పెట్టారు. కొడుకు రమేష్ ప్రసాద్ అయ్యారు. ప్రసాద్ ల్యాబ్స్, ప్రసాద్ స్టూడియో, హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి. ఒకాయన సొంత పేరు అందరూ అనగా అనగా ఇంటిపేరయింది. వెనక్కి వెళ్లి చూస్తే ఆ అక్కి అనే నాయకుడి పేరు కూడా ఇలాగే నిలిచి ఉంటుంది.

వేమూరి వాళ్లబ్బాయి తండ్రి తర్వాత తెలివి తెచ్చుకుని, రెండోవాడికి ఆ తిప్పలు లేకుండా ఇంటిపేరును పేరులోనే కలిపి రాయించాడు. ముందు ఎస్, తర్వాత వేమూరి, ఆ తర్వాత వాడి పేరు. ఇప్పుడు క్లాసులో టీచరు హాజరు పిలిచేటప్పుడు మొదట కనిపించిన మాట ‘వేమూరి’ కాబట్టి దాంతోనే పిలుస్తుంది. తోటి పిల్లలు అదే వాడి పేరనుకుని ‘డేయ్ వేమూ’ అంటారు. పెద్దవాడికి లేని ఇంటిపేరు చిన్నవాడికి పేరై కూర్చుంది. ఇంట్లో మాత్రం వాణ్ణి చిన్నా అంటారు. గుమాస్తా అడిగిన వీట్టు పేరు అదీ.