పోవుడు కారులో, వచ్చుడు రైల్లో: కచార్‌గఢ్ ప్రయాణానికి మా లెక్కలు



మేము నలుగురం. ఆదిలాబాద్ హాస్టల్‌లో ఒక్క గదిలో ఉండి డిగ్రీ చదువుతున్నం. మా నలుగురి ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ మాఘ పౌర్ణమికి కచార్‌గఢ్ పోతున్నమని చెప్పినప్పటి నుంచి "ఎట్ల పోతున్రు, ఎంతైతది, కారు ఎక్కడ దొరికింది" అని చాలామంది అడుగుతున్నరు. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తదని రాస్తున్నం. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

ముందు ఎందుకు పోతున్నమో చెప్పాలె. మాలో ఒకడి అవ్వకు డెబ్బై దాటినయి. ఇంద్రవెల్లి దిక్కు గూడెం. మేమందరం ఆమెను అవ్వ అనే పిలుస్తం. పారి కుపార్ లింగో గుహలో ఉన్న మన దేవుళ్లను బయటికి తెచ్చిన కథ ఆమె చిన్నప్పటి నుంచి పర్దాన్ల కికిరి మీద వింటనే ఉన్నది. పుష్య మాసంలో జంగుబాయికి ఏటా పోయేది. కచార్‌గఢ్ మాత్రం చూడలేదు. మోకాళ్లు పోయినంక జంగుబాయికి పోవుడు కూడా ఆగింది. పోయిన దండారి పండుగకు మేము గూడెం పోయినప్పుడు, "ఆ గుహ నిజంగ ఉన్నదారా, మీరు చదువుకున్నోళ్లు గదా, తెలుసా?" అని అడిగింది. ఉన్నది అవ్వ, మహారాష్ట్రలో గోండియా జిల్లా, సాలేకసా తాలూకా అని ఫోన్లో ఫొటో చూపించినం. చాలాసేపు చూసింది. ఏమీ అడగలేదు. మేమే "తీసుకపోతం" అన్నం. అన్నంక భయమైంది.

రెండో సంగతి. అవ్వ చెల్లెను రాజురా దిక్కు ఇచ్చిన్రు. అవ్వ పుట్టినప్పుడు రాజురా మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. 1956లో రాష్ట్రాలను భాషల లెక్కన విడదీసినప్పుడు కిన్వట్, రాజురా అటు దిక్కు పోయినయి. చెల్లె పెండ్లి ఆ తర్వాతనే అయింది గాని, మనోళ్లు సగ చూసి సంబంధం కలుపుకుంటరు, రాష్ట్రం చూసి కాదు గదా. అక్కచెల్లెండ్లు కలిసి ఆరేండ్లైంది. వచ్చేటప్పుడు చెల్లె ఇంట్లో దిగి హోళీ దాకా ఉంటనన్నది అవ్వ. అందుకే మాకు కారు పోవడానికే కావాలె, రావడానికి వద్దు. ఈ ఒక్క ముక్కతోనే మా కష్టాలన్నీ మొదలైనయి.

బస్సు ఉన్నది గదా అంటరు. ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్‌కు బస్సులున్నయి, నిజమే. అవ్వకు గంటకోసారి దిగి కాళ్లు చాపుకోవాలె. బస్సు వాసనకు వాంతులైతయి. బస్సాయన ఒకసారి ఆపుతడు, రెండోసారి తిడతడు.

మొదట మేమే నడుపుకుంట పోదామనుకున్నం. మాలో ఒకడికి లైసెన్సు ఉన్నది, మామ బొలెరో బాగనే నడుపుతడు. డ్రైవర్ లేకుండ కారు కిరాయికిచ్చే కంపెనీకి ఫోన్ చేసినం. చట్టం ప్రకారం పద్దెనిమిదేండ్లకే లైసెన్సు ఇస్తరు గాని, మేము అడిగిన కంపెనీ ఇరవై ఒకటి నిండాలె అన్నది. మాకు ఇరవై. అదీగాక కారు తీసుకున్న ఊర్లోనే తిరిగి అప్పజెప్పాలె. గోండియాలో వదిలిపెడతమంటే ఫోన్లో ఆమె నవ్వింది. ఇట్లాంటి కార్లు మన దిక్కు ఎందుకు దొరకవని తర్వాత చదివినం. 1989 నాటి రెంట్-ఎ-క్యాబ్ పథకం కింద లైసెన్సు కావాలంటే కనీసం 50 కార్లు ఉండాలని పెట్టిన్రు. అన్ని కార్లు పెట్టేటోడు పెద్ద పట్నంలోనే పెడతడు గని మన మండలాల్లో పెట్టడు గదా.

తర్వాత టాక్సీవాళ్లు. మొదటాయన హిందీలో, ఇంగ్లీషులో కలిపి అడుగుతుంటే మేము ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. "లొకేషన్ పంపు" అన్నడు. గూడెం పేరు చెప్పినం. "అక్కడికి రోడ్డుందా? బండి పాడైతది, మెయిన్ రోడ్డు మీదికి తెచ్చుకోండి ముసలామెను" అన్నడు. మూడు కిలోమీటర్ల మట్టి రోడ్డు. సరే అన్నా, మళ్లీ చేస్తం అని పెట్టేసినం. రెండో ఆయనకు గూడెం పేరు చెప్పలేదు, ఆదిలాబాద్ టౌనే అన్నం. ఫోన్ పెట్టినంక ఎవరం మాట్లాడలేదు. అవ్వ కోసం చేస్తున్న పనిలో అవ్వ ఊరి పేరే దాచిపెట్టినం. మూడో ఆయనకు మొదటి మాటగా గూడెం పేరే చెప్పినం. "వస్తగని, వానలు లేవు గదా ఇప్పుడు, ఏమైతది" అన్నడాయన. ఆ అన్ననే చివరికి మాకు కుదిరిండు.

కిరాయి లెక్క మాత్రం అందరిదీ ఒక్కటే. గూడెం నుంచి కచార్‌గఢ్ సుమారు 430 కిలోమీటర్లు. ఏడు సీట్ల బండికి కిలోమీటరుకు 16 రూపాయలు. మేము 430తో గుణించినం. వాళ్లు 860తో గుణించిన్రు. 13,760. డ్రైవర్ బత్తా, టోల్ కలిపి 15,500. మేము ఒకవైపే పోతం గదన్నా అంటే, "ఖాళీగా వచ్చేది నేనే గదా తమ్ముడూ, ఆ డీజిల్ ఎవరు పోస్తరు?" అన్నడు. కోపమొచ్చింది గని జవాబు దొరకలేదు. ఆయనది తప్పేం కాదు.

అప్పుడే తెలిసినాయన ఒకరు తన సొంత బండి 8,000కు ఇస్తనన్నడు. తెల్ల నంబర్ ప్లేటు. సగం ధర. ఒక రాత్రంతా ఇదే పంచాయితీ. ఇద్దరం పోదామన్నం, ఇద్దరం వద్దన్నం. ఇక్కడ తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక్క మాట గట్టిగా చెప్తున్నం. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే సొంత వాడకపు బండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే టాక్సీ. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే డ్రైవర్ లేకుండ కిరాయికిచ్చేది. సొంత బండిని కిరాయికి తిప్పితే దాని ఇన్సూరెన్స్ ఆ వాడకానికి వర్తించదు. ప్రమాదమైతే కంపెనీ చేతులెత్తేయొచ్చు. మా ఊరోళ్లు ఒకసారి జాతర నుంచి అట్లాంటి జీపులోనే వస్తుంటే పల్టీ కొట్టింది. ఒకాయన నడుం పోయింది. పైసా రాలేదు. ఎద్దులమ్మి దవాఖాన బిల్లు కట్టిన్రు. వద్దన్న ఇద్దరిలో ఒకడు ఆయన కొడుకే. అది తెలిసినంక మిగతా ఇద్దరం ఇగ మాట్లాడలేదు.

దారి చూపించింది ఆ మూడో అన్ననే. "తమ్ముడూ, గోండియా నుంచి నాకు గిరాకీ దొరకదు. నాగ్‌పూర్ నుంచైతే దొరుకుతది" అన్నడు. మన ఆదిలాబాద్ నుంచి పెద్ద రోగమొస్తే నాగ్‌పూర్‌కే పోతరు, మనందరికీ తెలుసు. అక్కడ డిశ్చార్జ్ అయినోళ్లు రోజూ ఎవరో ఒకరు ఇంటికి రావడానికి బండి వెతుక్కుంటరు. ముందు వాళ్లను మాట్లాడుకొని, మమ్మల్ని దించి, వాళ్లను ఎక్కించుకొని వస్తనన్నడు. గూడెం నుంచి నాగ్‌పూర్ దాకా టోల్, బత్తా అన్నీ కలిపి 4,500. అక్కడి నుంచి గోండియాకు రైలు. రైల్లోనైతే అవ్వ కాళ్లు చాపుకోవచ్చు, బాత్రూం ఉంటది. గోండియా నుంచి దరేకసా స్టేషన్ దాకా ఆ లైన్‌లోనే. అక్కడి నుంచి జాతర బండ్లు. కొండ మాత్రం నడవాలె. దానికి మేము నలుగురం ఉన్నం.

వచ్చేటప్పుడు గోండియా నుంచి బల్లార్షకు రైలు, అక్కడి నుంచి రాజురా దగ్గరే. అవ్వను చెల్లె ఇంట్లో దించి మేము బల్లార్ష నుంచి కాగజ్‌నగర్ మీదుగా వస్తం.

బార్డర్ సంగతి. టాక్సీకి అఖిల భారత పర్యాటక పర్మిట్ ఉన్నదో లేదో ముందే అడగండి. 2021లో కొత్త నియమాలొచ్చినయి. ఆ పర్మిట్ ఉంటే పక్క రాష్ట్రానికి విడిగా పన్ను కట్టే పని లేదు. లేకపోతే తాత్కాలిక పర్మిట్, పన్ను ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోవాలె, లేకుంటే తర్వాత మన మీద పడతది. ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ కాగితాలు, డ్రైవర్ లైసెన్సు ఫొటోలు తీసి పెట్టుకోండి. అడుగుడు తప్పనుకోవద్దు. మేము భయపడుకుంట అడిగితే అన్న నవ్వుకుంట అన్నీ పంపిండు.

ఇంకోటి, హాస్టల్ అనుమతి చీటీ. నాలుగు రోజులకు ఇంటోళ్ల సంతకం కావాలన్నరు. మాలో ముగ్గురి నాన్నలు వేలిముద్రే వేస్తరు. చీటీలు గూడేలకు పంపి ముద్రలు వేయించి తెప్పించుకునే సరికి వారం పట్టింది. ఇది ముందు చూసుకోండి.

పైసల సంగతి. సంక్రాంతి సెలవుల్లో పత్తి ఏరి తలా కొంత జమ చేసినం. లెక్క చెప్పడానికి పోయిన ఆదివారం గూడెం పోతే, అవ్వ ఆసరా పింఛన్ తెచ్చి మా ముందు పెట్టింది. 2,016 రూపాయలు. వద్దంటే ఒప్పుకోలేదు. "దేవుని కాడికి మంది పైసలతోని పోతారా?" అన్నది. రెండు వేలు మాకిచ్చి పదహారు రూపాయలు కొంగుకు ముడేసుకున్నది. కారు కిరాయిలో మిగిలిన 2,500 మేము నలుగురం తలా 625 వేసుకున్నం.

దారంతా చెప్పినం. పెన్‌గంగ వంతెన దాటితే బార్డర్ అవ్వ, అటు మహారాష్ట్ర అన్నం.

"ఏ బార్డర్? పెన్‌గంగనే గదా" అన్నది. ఆమెకు అది నది పేరే.

తర్వాత కొంచెం ఆలోచించి, "మనల్ని దించి ఆ పిలగాడు ఒక్కడే ఖాళీగ రావాల్నా?" అని అడిగింది. లేదవ్వ, దవాఖాన నుంచి ఇంటికొచ్చేటోళ్లను ఎక్కించుకొని వస్తడని చెప్పినం.

"గట్లైతే మంచిగైంది. వాళ్ల కోసం నువ్వులుండలు బండిలనే పెడదాం" అన్నది.

పౌర్ణమికి రెండు రోజుల ముందు, పొద్దున నాలుగింటికి బయలుదేరుతున్నం. మీ దిక్కు నుంచి ఎవరైనా నాగ్‌పూర్ దవాఖాన నుంచి ఇంటికి రావాల్సినోళ్లుంటే కామెంట్‌లో చెప్పండి, అన్న నంబర్ విడిగా పంపుతం. ఇప్పటికి ఇద్దరే కుదిరిన్రు, ఇంకా సీట్లున్నయి. కొండ ఎక్కినంక మిగతాది రాస్తం.

జై సేవా.