మణిగాడు మాలిమి అయిన కథ

ఈసారి వేరుశనగ గురించి కాదు, మామిడి రేటు గురించీ కాదు. మా మోటారు షెడ్డు కాడ ఉండే కుక్క గురించి రాస్తా ఉన్నా. కాసింత పొడుగైతాది. ఇంట్లో కుక్క ఉన్నోళ్ళు, గదులు బాడుగకి ఇచ్చేవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మాది శ్రీసిటీ పక్కన, సత్యవేడు మండలంలో ఒక పల్లె. 2008లో శ్రీసిటీ మొదలైనాక మా ఊర్ల రూపే మారిపోయింది. పశువుల కొట్టాలు ఉన్న చోట బాడుగ గదులు లేచినాయి. ఎక్కడెక్కడి నుంచో పిల్లోళ్ళు పనికి వస్తారు, కాంట్రాక్టు అయిపోతే సామాన్లు సర్దుకొని పోతారు. పోయిన సంక్రాంతి అయినాక మా వీధి చివర గదుల్లో వాళ్ళు అట్లనే ఖాళీ చేసి పోయినారు. మూడో రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకి మోటారు వేసేదానికి పోతాంటే ఆ గదుల వెనక సన్నగా మూలుగు వినిపించింది. టార్చి వేసి చూస్తే, నీళ్ళ ట్యాంకు కింద కట్టేసిన కుక్క. ట్యాంకు కారే నీళ్ళు నాకి బతికిండాది.

ఒట్టి ఎముకల గూడు. ఒళ్ళంతా గజ్జి, చెవుల నిండా పిడుదులు. అన్నిటికన్నా ఘోరం మెడ. చిన్నపిల్లగా ఉన్నప్పుడు కట్టిన నైలాను తాడు అట్లనే ఉంది. కుక్క పెరిగింది, తాడు పెరగలేదు. చర్మం కోసుకొని లోపలికి దిగిపోయి, పుండులో పురుగులు పట్టినాయి. దూడ పెరిగేకొద్దీ పలుపు వదులు చేస్తాం కదా మనం. ఆ మాత్రం కూడా దానికి ఎవరూ చేయలేదు.

కొడవలితో తాడు కోస్తాంటే నా చెయ్యి పట్టుకొని కరిచింది. తప్పు దానిది కాదు. నొప్పితో ఉన్న జీవం దగ్గరికి చీకట్లో ఒంటిగా పోవడం నా తప్పు. ఇంటికి వచ్చి పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగినా. తెల్లారి ఆసుపత్రికి పోతే గాయంలో ఒక మందు ఎక్కించి, చేతికి టీకా వేసినారు. మళ్ళీ మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వేసినారు. కుక్కని పది రోజులు గమనించమన్నారు. అది బాగానే ఉన్నింది, అయినా నేను సూదులు ఆపలేదు. మన పల్లెల్లో ఇప్పటికీ సున్నం, మిరప్పొడి పూసి ఊరుకునేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడినాక మనిషి బతకడం అనేది దాదాపు లేదు.

గోనెపట్ట కప్పి ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయినాం. డాక్టరు పళ్ళు చూసి, "పాలపళ్ళన్నీ రాలిపోయినాయి, ఎనిమిది నెలలు ఉంటాది. మనుషుల్లో మీసం మొలిచే వయసు. మాట వినదు, దొరికిందల్లా కొరుకుతాది. ముద్దుగా తెచ్చుకున్నోళ్ళు చాలామంది ఈ వయసులోనే వదిలేస్తారు" అన్నాడు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పినాడు. పిడుదులు పోవాలని పొలానికి కొట్టే పురుగుమందు నీళ్ళలో కలిపి కుక్కకి పూయొద్దంట. అది నాకి నాకి ప్రాణానికే వస్తాదంట. నిజం చెప్పాలంటే నేను ఆ పనే చేద్దామనుకుంటా ఉన్నా.

మణి అని పేరు పెట్టినాం. మొదటి పది రోజులు నేను చేసింది ఏమీ లేదు. షెడ్డు కాడ దాని వైపు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్డు పెట్టి చూడకుండా ఉండేవాణ్ణి. కళ్ళలోకి చూస్తే గుర్రుమనేది. పదకొండో రోజు వెనక నుంచి వచ్చి నా మోచెయ్యి వాసన చూసింది. నెల తిరిగేసరికి పేరు పిలిస్తే వచ్చేది. పుండు మానినాక రేబిస్ టీకా వేయించినాం. హెల్మెట్ పెట్టుకున్నోళ్ళు కనపడితే మాత్రం షెడ్డు వెనక దూరి ఉచ్చ పోసుకునేది. ఎందుకో అదే చెప్పాల.

అంతా బాగుందనుకుంటా ఉంటే ఏప్రిల్‌లో పక్కింటి అవ్వ కోడిని చంపేసింది. అవ్వ ఏడ్చుకుంటా వచ్చి, "నాయనా, అది గుడ్ల మీద పొదిగిన కోడి రా" అనింది. పొదిగే కోడి పోతే పిల్లలూ పోయినట్టే. అవ్వకి చేతి ఖర్చులు దాని మీదే. వాళ్ళ కొడుకు, "ఇంకోటి పోతే మందు పెట్టేస్తా, చెప్తా ఉన్నా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చేతిలో ఉన్న పైపు ముక్కతో మణిని నాలుగు బాదినా.

అరవలేదు. పారిపోలేదు. నేల మీద పరుచుకొని, కళ్ళు మూసుకొని దెబ్బలు తినింది. మా ఇంటామె వచ్చి పైపు లాక్కొని, "ఆ తాడు కట్టినోళ్ళకీ నీకూ తేడా ఏముంది?" అనింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిది రోజులు అది నా చేతి కూడు ముట్టలేదు. మూడు నెలల పని ఒక్క నిమిషంలో పోగొట్టుకున్నా.

అప్పుడు మా నాయన గుర్తొచ్చినాడు. కోడెల్ని మాలిమి చేసేటప్పుడు ముందు ఒట్టి కాడి వేసి తిప్పేవాడు. తర్వాత దుంగ కట్టి లాగించేవాడు. ఆ తర్వాతే మడక. కోడె బెదిరితే కొట్టేవాడు కాదు. మెడ నిమిరి, మళ్ళీ ఒట్టి కాడి కాడికి పోయేవాడు. నేనూ మళ్ళీ మొదటికి పోయినా. వీపు పెట్టి కూర్చోవడం నుంచి.

అవ్వకి కోడి డబ్బులు ఆరు వందలు, ఒక పెట్ట ఇచ్చుకున్నా. మణి మళ్ళీ చేతికి వచ్చినాక, ఇరవై అడుగుల తాడు కట్టి, కోళ్ళకి బాగా దూరంగా కూర్చోబెట్టినా. కోళ్ళు కనపడాల, కానీ వెర్రెత్తకూడదు, అంత దూరం. కోడి మీద నుంచి చూపు తిప్పి నా వైపు చూసిన ప్రతిసారీ ఉడకబెట్టిన కార్జం ముక్క. చూసిన క్షణంలోనే ఇయ్యాల. కాసేపటి తర్వాత ఇస్తే దానికి ఎందుకిచ్చినామో తెలీదు. కోడి చచ్చినాక కొట్టినా అంతే, ఎందుకు కొడతా ఉన్నామో తెలీదు. మనిషి చెయ్యి అంటే భయం మాత్రం నేర్చుకుంటాది.

పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. రెండు మూడు రోజులకి ఒక అడుగు దగ్గరికి. ఎగబడితే రెండడుగులు వెనక్కి. నలభై రోజులకి కోళ్ళు పక్కనే గింజలు ఏరుకుంటాంటే నా మొహం చూస్తా కూర్చునింది. అవ్వ గడప మీద నుంచి చూసి, "వీడికి బుద్ధొచ్చిందే" అనింది. వీడంటే మణినో నన్నో అడగలేదు.

జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో అదే రోజు ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లోడికి మొదటిసారి ఆ టీకా వేయించి బతికించినాడు. ఆ రోజు మా వీధి కుక్కల్ని ఇంకో నాలుగింటిని తీసుకుపోయినాం. ఆటో బాడుగలో సగం ఇచ్చింది అవ్వ కొడుకే.

మణి పూర్తిగా బాగయినాడని చెప్పను. హెల్మెట్ అంటే ఇప్పటికీ భయమే. దీపావళి రాత్రంతా మోటారు షెడ్డులో నేనూ దానితోనే పండుకున్నా. కోళ్ళ కాడ ఒంటరిగా ఈ రోజుకీ వదలను. మెడ చుట్టూ వెంట్రుకలు మొలవని గీత ఒకటి అట్లనే ఉండిపోయింది.

నేను అడిగేది రెండే. మీ ఇంట్లో కట్టేసిన కుక్క ఉంటే ఇప్పుడే లేచి పోయి దాని మెడ పట్టీ కింద రెండు వేళ్ళు దూరతాయేమో చూడండి. గదులు బాడుగకి ఇచ్చినోళ్ళు, వాళ్ళు ఖాళీ చేసిన రోజు బీగం వేసి వచ్చేయకుండా వెనకాల కూడా ఒకసారి చూసి రండి.

ఉంటా మరి. మోటారుకి టైమయింది, మణి అప్పుడే గేటు కాడ నిలబడినాడు.