మా పాసుబుక్కులో రెండు 590లు

590 రూపాయల కొరకు ఒక సంఘకాపరి నాలుగుమార్లు బ్యాంకు మెట్లు ఎక్కవచ్చునా? ఈ ప్రశ్న మా సంఘపెద్ద ఒకరు మమ్మును అడిగారు. ఆ దినమున జవాబు చెప్పలేకపోయాము. ఇప్పుడు చెప్పగలము గనుక ఆ సంగతి మొదటినుండి వ్రాస్తున్నాము. ఇది చదివే కుటుంబములలో చాలామందికి ఇటువంటి అనుభవము ఉండే ఉంటుంది.

మేము కృష్ణా జిల్లాలో ఒక చిన్న పట్టణములో సేవలో ఉన్నాము. చుట్టుపక్కల మూడు గ్రామములలో కూడికలు జరుగుతాయి. బస్సులను నమ్ముకొని తిరగలేక 2021లో ఒక మోటారు సైకిలు వాయిదాల మీద తీసుకున్నాము. నెలకు రూ.2,940. ప్రతి నెల 5వ తేదీన మా ఖాతా నుండి ఆ సొమ్ము దానంతట అదే ఫైనాన్సు కంపెనీకి వెళ్లేటట్లు ఒక కాగితము మీద సంతకము చేశాము. దీనిని కొందరు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు, కొందరు మాండేట్ అంటారు, పాతవారు ఇంకా ఈసీఎస్ అనే పిలుస్తారు. పేరు ఏదైనా, ఇక తేదీ గుర్తుపెట్టుకొనే పని తప్పిందని మేమిద్దరము సంతోషించాము. నిజానికి గుర్తుపెట్టుకోవలసిన అవసరము అప్పుడే ఎక్కువైనదని మాకు తెలియలేదు.

2022 జూన్ 5 ఆదివారము వచ్చింది. అది పెంతెకొస్తు పండుగ ఆదివారము కూడా. సంఘ కోశాధికారి మా జీతపు చెక్కు రూ.14,000కు 3వ తేదీ శుక్రవారమే చేతికిచ్చారు. పండుగ పనులలో పడి దానిని బైబిలులో పెట్టి మరచిపోయాము. శనివారము మధ్యాహ్నము మూడు దాటిన తరువాత జ్ఞాపకము వచ్చి, పరుగున వెళ్లి బ్యాంకు బయట ఉన్న చెక్కుల పెట్టెలో వేశాము. అప్పటికి మా ఖాతాలో ఉన్నది రూ.412. అయినను మాకు దిగులు లేదు. ఆదివారము బ్యాంకులకు సెలవు గదా, వాయిదా సోమవారమే అడుగుతారు, ఈలోగా చెక్కు పడిపోతుంది అనుకున్నాము.

అది పాతకాలపు ధైర్యము. ఇటువంటి వాయిదాలను బ్యాంకుల మధ్య నడిపించే ఏర్పాటును నాచ్ అంటారు. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దానిని నడుపుతుంది. పూర్వము అది బ్యాంకులు తెరచియున్న దినములలోనే పనిచేసేది. రిజర్వు బ్యాంకు నిర్ణయము ప్రకారము 2021 ఆగస్టు 1 నుండి ఆదివారములలోను సెలవు దినములలోను కూడా పనిచేస్తున్నది. జీతములు, పింఛనులు సెలవునాడు కూడా ఖాతాలో పడడము మంచిదే. అయితే సొమ్ము వచ్చే తలుపు తెరిస్తే పోయే తలుపు కూడా తెరచుకుంటుంది. చెక్కులు మాత్రము ఆదివారము కదలవు. గనుక మేము పుల్పిట్ వద్ద నిలబడి ఉన్న సమయమున వాయిదా అడగడానికి కంపెనీ మా ఖాతాకు వచ్చి, 412 రూపాయలు చూసి, తిరిగి వెళ్లిపోయింది.

సోమవారము ఉదయము ఫైనాన్సు కంపెనీ అబ్బాయి ఫోను చేశాడు. "సార్, మీ వాయిదా తిరిగి వచ్చింది. 10వ తేదీన మళ్లీ పంపిస్తామండి. మా రుసుము 450 వేరుగా కట్టాలి" అన్నాడు. సరే అన్నాము. ఆ సాయంత్రము చెక్కు సొమ్ము పడింది. బుధవారము మా శ్రీమతి, మేము కూర్చొని లెక్క చూసుకున్నాము. 412, 14,000 కలిపితే 14,412. అమ్మాయి హాస్టలు ఫీజుకు, సరకులకు, పాలవానికి కలిపి 11,400 తీశాము. మిగిలినది 3,012. వాయిదాకు పోను ఇంకా 72 రూపాయలు ఉంటాయి అని నిశ్చింతగా ఉన్నాము.

13వ తేదీన పాసుబుక్కు అచ్చు వేయించుకుంటే గాని సంగతి బయటపడలేదు. వాయిదా తిరిగి వెళ్లినందుకు కంపెనీ ఒక్కటే కాదు, మన బ్యాంకు కూడా రుసుము వేస్తుంది. మా బ్యాంకులో అది రూ.500. దానిమీద 18 శాతము జి.ఎస్.టి. రూ.90. వెరసి రూ.590. ఆదివారము ఖాతాలో ఉన్న 412ను మొత్తము తీసుకొని, మిగిలిన 178ని బాకీగా ఉంచి, చెక్కు పడగానే దానిని కూడా పట్టుకున్నారు. మేము 3,012 అనుకున్నచోట ఉన్నది 2,422. 10వ తేదీన వాయిదా మళ్లీ వచ్చి, 518 రూపాయలు తక్కువై మళ్లీ తిరిగి వెళ్లింది. అందుకు మరియొక 590. మొదటి రుసుము రెండవ రుసుమును కన్నది. కంపెనీవారి రెండు 450లు కూడా కలిపితే 2,940 రూపాయల వాయిదాకు 2,080 రూపాయల దండుగ తేలింది. వాయిదా మాత్రము ఇంకా అలాగే ఉన్నది.

మేనేజరుగారి దగ్గరకు వెళ్లాము. "మాకు ఒక్క కబురైనా పంపలేదేమండి?" అన్నాము. ఆయన కంప్యూటరు చూసి, రెండుసార్లు సందేశము పంపినట్లు చూపించారు. అది మేము ఎప్పుడో వదిలివేసిన పాత ఫోను నంబరు. మార్పించుకొనక మూడేండ్లు గడిచాయి. "రుసుము సంగతి నా చేతిలో లేదు పాస్టరుగారూ, కంప్యూటరే పట్టుకుంటుంది" అని ఆయన మర్యాదగానే చెప్పారు. మేము కోపముతో ఇంటికి వచ్చాము.

ఆ సాయంత్రము మా యౌవనస్థులలో ఒకడు మాకు ఒక ఉపాయము చెప్పాడు. "అయ్యగారూ, చెక్కు మీద తేదీ 3 అనే ఉంది గదండి. శుక్రవారమే వేశాము, బ్యాంకువాళ్లే ఆలస్యము చేశారని వ్రాయండి. పెట్టెలో వేసిన చెక్కుకు రశీదు ఉండదు. రెండు రుసుములూ తిరిగి ఇచ్చేస్తారు" అన్నాడు. వానిని వెంటనే గద్దించామని వ్రాస్తే అబద్ధమవుతుంది. గద్దించలేదు. ఆ రాత్రి చాలాసేపు ఆ మాటే ఆలోచించాము. అడిగేవారు లేని అబద్ధము, దానివలన 1,180 రూపాయలు.

మా తలంపు మా శ్రీమతికి అర్థమైనట్లున్నది. ఆమె ఆ మాట ఎత్తకుండా వేరొక మాట అడిగింది. "ఆ కుట్టుమిషను చెల్లెమ్మ పాసుబుక్కు తెచ్చినప్పుడు మీరు ఏమన్నారో గుర్తున్నదా?"

గుర్తుకు వచ్చింది. మా సంఘములో ఒక విధవరాలు ఉన్నది. బట్టలు కుట్టి ఇద్దరు పిల్లలను చదివిస్తున్నది. కుట్టుమిషను కూడా వాయిదాల మీద కొనినదే. 2022 నూతన సంవత్సర కూడిక అయిన తరువాత ఆమె పాసుబుక్కు చేతపట్టుకొని వచ్చి, "అయ్యగారూ, ఈ కోతలు ఎందుకో కాస్త చదివి చెప్పండి" అని అడిగింది. ఆ దినమున జనము ఎక్కువ. కళ్లద్దాలు లోపల ఉన్నాయి. పుస్తకము అటు ఇటు తిప్పి, "బ్యాంకువాళ్ల కోతలమ్మా, పోనివ్వు, దేవుడు చూసుకుంటాడు" అని చెప్పి, ప్రార్థన చేసి పంపించాము. ఆమె సొమ్మునకు పోనివ్వమన్న మేము, మా సొమ్మునకు వచ్చేసరికి రూపాయి రూపాయి లెక్క కట్టాము. ఇది మాకు చాలా సిగ్గు కలిగించింది.

మరునాడు మళ్లీ బ్యాంకుకు వెళ్లి, రుసుముల పట్టిక చూపించమని అడిగాము. ఏ బ్యాంకు అయినను తాను వసూలు చేసే రుసుములను ఖాతాదారులకు తెలియపరచవలెను, అడిగితే చూపించవలెను. ఆ పట్టిక అడుగున చిన్న అక్షరములలో, ఒకే మాండేట్ ఒకే నెలలో ఎన్నిసార్లు తిరిగి వెళ్లినను రుసుము ఒక్కసారే అని ఉన్నది. కళ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివాము.

ఇంటికి వచ్చి ఉత్తరము వ్రాశాము. అందులో రెండు పేరాలు. మొదటి పేరాలో, చెక్కును శనివారము ఆలస్యముగా వేసినది మేమే, ఫోను నంబరు మార్పించుకొననిది మేమే, గనుక 5వ తేదీ రుసుము న్యాయమైనదే అని వ్రాశాము. రెండవ పేరాలో, 10వ తేదీ రుసుము మీ పట్టిక ప్రకారమే వేయకూడనిది, దానిని జి.ఎస్.టి.తో సహా తిరిగి ఇవ్వండి అని వ్రాశాము.

మేనేజరుగారు చదివారు. "ఈ వరుస నేను కూడా గమనించలేదండి" అన్నారు. తరువాత మొదటి పేరా మీద వేలు పెట్టి, "ఇది ఎందుకు వ్రాశారు? మిమ్మల్ని ఎవరూ అడగలేదు గదా" అన్నారు. "అది వ్రాయకపోతే రెండవది అడగడానికి మాకు నోరు రాదండి" అన్నాము. ఆయన నకలు మీద ముద్ర వేసి, తేదీ వేసి ఇచ్చారు. జూలై మొదటి వారములో రూ.500 ఖాతాలో పడింది. పన్ను 90 రాలేదు. దానికొరకు నాలుగవసారి వెళ్లాము. అదీ వచ్చింది. మన పెద్దగారు ఆ ప్రశ్న అడిగినది ఆ దినముననే. ఫైనాన్సు కంపెనీవారి 900 మాత్రము రాలేదు. పంపిన ప్రతిసారీ రుసుము ఉంటుందని మేము సంతకము చేసిన ఒప్పందములోనే ఉన్నది. చదవకుండా చేసిన సంతకము గనుక వాయిదాతోకూడ కట్టివేశాము.

అటు తరువాత చెల్లెమ్మ ఇంటికి మేమే వెళ్లి, ఆమె పాసుబుక్కు అడిగి తీసుకున్నాము. ఆమెదీ అదే బ్యాంకు. వాయిదా రూ.1,650, తేదీ 2. ఆమెకు బట్టల కొట్టువారు కుట్టుకూలి ఇచ్చేది 8, 9 తేదీలలో. 2021 డిసెంబరు, 2022 జనవరి, ఫిబ్రవరి, మూడు నెలలలో నెలకు రెండేసి మార్లు వాయిదా తిరిగి వెళ్లింది. ఆరు రుసుములు, రూ.3,540. అందులో వేయకూడని రెండవ రుసుములు మూడు, రూ.1,770. అది ఆమె ఒక నెల వాయిదాకంటె ఎక్కువ. మార్చి నుండి చేబదులు తెచ్చి 1వ తేదీకే ఖాతాలో వేస్తున్నదట. ఆమె మా దగ్గరకు వచ్చినప్పుడు జరిగినది డిసెంబరుది మాత్రమే. ఆ దినమున మేము కళ్లద్దాలు తెచ్చుకొని చదివియుంటే జనవరి, ఫిబ్రవరి కోతలు ఆగేవి. ఆమె ఆ మాట అనలేదు. మేమే లెక్క వేసుకున్నాము.

ఆమె పేరున ఉత్తరము వ్రాయించి జూలైలో ఇచ్చాము. ముప్పది దినములు గడిచినను బ్యాంకునుండి జవాబు లేదు. బ్యాంకు ముప్పది దినములలో జవాబు ఇయ్యకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయముగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. ఈ ఏర్పాటు మన దేశములో 1995 నుండి ఉన్నది. 2021 నవంబరు 12న దానిని అంతటికీ ఒకటే పథకముగా మార్చారు. దానికి రుసుము లేదు, వకీలు అవసరము లేదు. బ్యాంకుకు ఇచ్చిన ఉత్తరము నకలు, పాసుబుక్కు పేజీల నకళ్లు జతపరచి ఆగస్టులో చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రమునకు తపాలాలో పంపాము. అక్టోబరులో ఆమె ఖాతాలో రూ.1,770 పడింది. అంతకంటె మేలైన సంగతి, కంపెనీవారితో మాట్లాడి క్రొత్త మాండేట్ మీద సంతకము చేయించి, వాయిదా తేదీని 2 నుండి 12కు మార్పించాము. ఇప్పుడు చేబదులు అక్కర లేదు.

చదివేవారికి మా అనుభవము వలన కొన్ని మాటలు. సొమ్ము చేతికి వచ్చే తేదీకి మూడు నాలుగు దినముల తరువాత వాయిదా తేదీ పెట్టించుకొనండి. ఆదివారమును నమ్ముకొనకండి. ఫోను నంబరు మారితే అదే వారములో బ్యాంకులో మార్పించండి. ఒకసారి వాయిదా తిరిగి వెళ్లితే, మనసులోని లెక్కతో కాక పాసుబుక్కు అచ్చు వేయించిన తరువాతనే సొమ్ము తీయండి. నోటి మాటతో వాదించక ఉత్తరము వ్రాసి, నకలు మీద ముద్ర వేయించుకొనండి. అట్లని వాయిదాను తేలికగా తీసుకొనకండి. ఖాతాలో సొమ్ము లేక అది తిరిగి వెళ్లి, కంపెనీ నోటీసు ఇచ్చిన తరువాత కూడా కట్టకపోతే, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టము 25వ సెక్షను ప్రకారము, చెల్లని చెక్కు ఇచ్చినట్లే నేరమవుతుంది.

ఇక మా పెద్దగారి ప్రశ్న. 590 రూపాయల కొరకు బ్యాంకు మెట్లు ఎక్కవచ్చును. మనకు రావలసినది అడగడము తగవులాట కాదు. అయితే మన తప్పు ఎంతో ముందు ఒప్పుకొని అడగవలెను. మనకొరకు ఎన్ని మెట్లు ఎక్కామో, నోరులేనివారి కొరకు కూడా అన్ని మెట్లు ఎక్కవలెను. ఈ రెండవది మేము ఆరు నెలలు ఆలస్యముగా నేర్చుకున్నాము.

ఇప్పుడు ఆరాధన అయిన తరువాత ఎవరైనా పాసుబుక్కు పట్టుకొని వస్తే, ముందు కళ్లద్దాలు తెచ్చుకుంటున్నాము. తరువాతనే ప్రార్థన.