నలభై నిమిషాలు

1998లో నేను ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో ఐదుగురం కలిసి ఒక పని మొదలుపెట్టాం. నెలకొకసారి ఒక కవినో, కథకుడినో, నవలాకారుడినో పిలిపించి, వాళ్ళ రచన వాళ్ళ నోటే వినాలి. అంతే. గది గదికీ తిరిగి మనిషికి ఐదు రూపాయలు పోగుచేశాం. పోస్టర్లు చేత్తో రాసి మెస్సు గోడకు అంటించాం.

మొదటి రెండు నెలలూ ఊళ్ళో ఉన్న కవులే వచ్చారు. చాపలు పరిచాం. ఇరవై మందికి మించి రాలేదు. కవి చదువుతుంటే ఎవరో ఒకరు "మళ్ళీ ఒకసారి" అనేవారు, ఆయన మళ్ళీ చదివేవాడు. టీ వచ్చేది. అంతకన్నా ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదనే ఆ రోజుల్లో నాకనిపించింది కూడా. పేపర్లో ఒక్క ముక్కైనా రాలేదు మరి.

మూడో నెలకి ఒక పెద్దాయన్ని పిలిచాం. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు, డెబ్భై నాలుగేళ్ళు. పాసింజరు బండిలో నాలుగు గంటల ప్రయాణం. ఉత్తరం నేనే రాశాను. "మీరొక నలభై నిమిషాలు మీ కవితలు చదివి వినిపించాలి" అని. వారానికి కార్డు వచ్చింది. "వస్తాను. నలభై నిమిషాలు చాలు" అని రెండే రెండు ముక్కలు.

"అంత పెద్ద కవిని చాపల మీద కూర్చోబెడతామా?" ఈ మాట అన్నది నేనే. పని చెడింది అక్కడే. వేదిక వేద్దామన్నాను. వేదికంటే కుర్చీలుండాలి, కుర్చీలంటే పెద్దలుండాలి. శాఖాధిపతి గారిని పిలిచి వార్డెన్ గారిని పిలవకపోతే బాగుండదు. శాలువాకీ జ్ఞాపికకీ డబ్బిచ్చిన బట్టల కొట్టు యజమానిని పిలవకపోతే అసలే బాగుండదు. మీరూ ఎప్పుడో ఒక సభ జరిపే ఉంటారు, ఎవరిదో పదవీ విరమణకైనా. ఆహ్వాన పత్రిక మీద పేర్లు ఎలా పెరుగుతాయో మీకు తెలుసు. ఒక్కో పేరు చేర్చినప్పుడల్లా అందుకు తగిన కారణం ఉంటుంది. చివరికి తొమ్మిది కుర్చీలు తేలాయి. మాస్టారి కుర్చీ అటు నుంచి నాలుగోది.

ఆరింటికి మొదలవ్వాల్సిన సభ ముఖ్య అతిథి కోసం ఏడు దాకా ఆగింది. ఆరుకి ఐదు నిమిషాల ముందే మాస్టారు వచ్చి కూర్చున్నారు, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని. జ్యోతి వెలిగించారు, ప్రార్థన పాడారు, అధ్యక్షుల తొలిపలుకులయ్యాయి. తర్వాత కవిని పరిచయం చేసే పని నాది. పది నిమిషాలనుకున్నది ఇరవై అయిదు మాట్లాడాను. వారం రోజులు తయారైన ఉపన్యాసం అది. కవిత్వం సామాన్యుడిదని చెప్పడానికి దిగంబర కవుల సంగతి ఎత్తుకున్నాను. 1965లో వాళ్ళ మొదటి సంపుటిని హైదరాబాదులో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడని, మరుసటి ఏడు రెండో సంపుటిని విజయవాడలో హోటల్లో పనిచేసే జంగాల చిట్టి ఆవిష్కరించాడని గొంతు పెంచి చెప్పాను. చప్పట్లు బాగా పడ్డాయి. ఆ మాటలంటున్నప్పుడు నా వెనక తొమ్మిది కుర్చీలున్నాయి. హాలు తాళం తీసి, బల్లలు తుడిచి, దీపంలో నూనె పోసిన అటెండరు తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. అతనికి ఒక కుర్చీ వేయాలని నాకు తోచలేదు.

నా తర్వాత వార్డెన్ గారు, యజమాని గారు, విద్యార్థి సంఘం నాయకుడు మాట్లాడారు. ఆ పైన సన్మానం, ఫోటోలు. మాస్టారికి మైకు ఇచ్చేటప్పటికి ఎనిమిదీ నలభై. తొమ్మిదికి మెస్సు మూస్తారు. వెనక వరసలు అప్పటికే ఖాళీ, మధ్య వరసల్లో కుర్చీలు జరుగుతున్న చప్పుడు. ఆయన ఒకసారి హాలంతా చూశారు. సంచిలోకి వెళ్ళబోయిన చెయ్యి ఆగింది. చిన్న కవిత ఒకటి, పన్నెండు పాదాలుంటాయేమో, నోటికి చెప్పి నమస్కారం పెట్టి కూర్చున్నారు. వందన సమర్పణ దానికంటే ఎక్కువసేపు సాగింది.

సభ విజయవంతమైందనే అనుకున్నాం. నిజంగానే అనుకున్నాం. స్టేషనుకి రిక్షాలో ఆయన పక్కన కూర్చుని వెళ్తూ, వచ్చే నెల ఎవర్ని పిలవాలో ఆయన్నే సలహా అడిగాను.

బండి గంటన్నర ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ. "బాబూ, సంచిలో బీపీ మాత్రలుంటాయి, కాస్త తీసిపెట్టు" అన్నారు. మాత్రల కోసం వెతుకుతుంటే చేతికి కాగితాలు తగిలాయి. ఠావు కాగితాలు, దారంతో కుట్టినవి. బయటికి తీశాను. ఒక్కో అక్షరం బొటనవేలి గోరంత. ఆ ఏడే ఆయనకు రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషనైంది. ట్యూబులైటు వెలుతురులో తడుముకోకూడదని ఏడు కవితలు అంత పెద్ద అక్షరాలతో తిరగరాసుకున్నారు. పాదాల మధ్య అక్కడక్కడా పెన్సిలుతో సన్నటి గీతలు. అవి ఊపిరి తీసుకోవాల్సిన చోట్లని కాసేపటికి గాని నాకర్థం కాలేదు. ఒక్కో కవిత పక్కన ఒక అంకె. 6, 4, 7, 5, 5, 8, 5. ఎందుకో వేలితో కూడుకుంటూ పోయాను. నలభై వచ్చింది.

గడియారం దగ్గర పెట్టుకుని ఇంట్లో పైకి చదువుకుని ఉంటారు. ఎన్నిసార్లో! నా ఉత్తరంలో నలభై నిమిషాలని ఉంది కాబట్టి. ఆ మాట రాసింది నేను, నమ్మింది ఆయన. నలభైలో ఇరవై అయిదు నేను తినేశానన్న లెక్క కూడా అక్కడే తెలిసింది. అయినా బాధపెట్టింది ఆ లెక్క కాదు. ఆ పెన్సిలు గీతలు. అన్ని మాటలు మాట్లాడి, ఎక్కడ ఆగాలో ఒక్కచోటైనా నేను గీసుకోలేదు.

"మాస్టారూ, బండి రావడానికి టైముంది. ఇప్పుడు చదవండి, నేను వింటాను" అన్నాను.

మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, "ఇప్పుడు గొంతు లేదు బాబూ. ఆరింటికి ఉండేది" అన్నారు. కోపంగా కాదు. చలివేస్తోందని చెప్పినట్టు చెప్పారు. మేము కప్పిన శాలువానే భుజాల చుట్టూ లాక్కున్నారు.

తిరిగొచ్చి మిగతా నలుగురికీ చెప్పాను. ఒకడు ఏడ్చాడు. ఇంకొకడు "మరి వార్డెన్ని పిలవకుండా హాలు ఎలా వస్తుంది" అన్నాడు, అదీ నిజమే. హాలు మానేశాం. హాస్టల్ మేడ మీదికి మారాం. పరిచయం రెండు వాక్యాలు. నవలాకారుడు వచ్చే నెలైతే ముందు వారమంతా ఆ నవల మేమే వంతులవారీగా పైకి చదవాలని పెట్టుకున్నాం. అలవాటు కోసం మొదట కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' తీసుకున్నాం. ఒక ముసలి పందుల కాపరి, తప్పిపోయిన పంది కోసం అడవిలో అతని వెతుకులాట. చిన్న నవలే, మూడు రాత్రుల్లో అయిపోయింది. పైకి చదువుతుంటే తెలిసింది, అంతకు ముందు నేను దాన్ని చదవలేదు, కథ తెలుసుకున్నానంతే. అటెండరు ఒక రాత్రి మెట్ల మీద కూర్చుని విన్నాడు. మర్నాడు చాప మీదికి వచ్చాడు.

మాస్టారిని మళ్ళీ రమ్మని రాస్తే, ప్రయాణం చెయ్యలేనన్నారు. డిసెంబరులో ఒక ఆదివారం మేం ఐదుగురమే వాళ్ళ ఊరు వెళ్ళాం. అరుగు మీద కూర్చోబెట్టారు. ఆయన భార్య చేటలో బియ్యం ఏరుకుంటూ గుమ్మంలో కూర్చుంది. అవే ఠావు కాగితాలు. గీత ఉన్నచోటల్లా ఆయన వేలు ఆగేది, ఆయన ఆగేవారు, ఆవిడ చేతిలో చేట కూడా ఆగేది. నాలుగు కవితలు చదివారు. దగ్గు వచ్చింది. "మిగతా మూడూ మళ్ళీ వచ్చినప్పుడు" అన్నారు.

సంక్రాంతి తర్వాత వెళ్దామన్నాం. పరీక్షల తర్వాత అన్నాం. తర్వాత తలొక ఊరూ అయ్యాం. ఆ మూడు కవితలూ ఆయన పోయాక వచ్చిన పుస్తకంలో ఉన్నాయి. చదివాను. వినలేదు.